మూత గాడిలో నలుసు

డ్రమ్ము మూత తీసేవరకూ సుందరరామయ్య మంచి హుషారు మీదే ఉన్నాడు.

రాళ్ళను జల్లెట్లోకి ఒంపి కుళాయి కింద కడిగాడు. తడి మీద అన్నీ నిగనిగలాడాయి. తడి మీద రోడ్డు పక్క కంకరైనా నిగనిగలాడుతుంది, అందులో రాయి గొప్పేమీ లేదు. అసలు సంగతి ఆరాక తెలుస్తుంది. పాత పంచె గుడ్డ మీద పరిచి, ఫ్యాను వేసి, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి రాయి చేతిలోకి తీసుకున్నాడు. కృష్ణ ఒడ్డున దొరికిన ఎర్రరాయి అది, అచ్చం కుంకుమ రంగు. దాని నడుం మీద సన్నటి గీత. తన కళ్ళదే పొరపాటనుకుని గుడ్డతో రుద్దాడు. గీత పోలేదు. రెండో రాయి తీశాడు. గీతలు. నర్మద నుంచి వచ్చిన పాలరంగు రాయి తీశాడు. పిల్లి గోళ్ళతో బరికినట్టుంది.

అరవై నాలుగు రాళ్ళు. అరవై నాలుగింటికీ గీతలే.

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన చేతి నుంచి గీత పడిన రాయి ఒక్కటి బయటికి పోలేదు. "రామయ్యాజీ రాయి" అంటే అందులో మనిషి తన తల దువ్వుకోవచ్చు అని ఆఫీసులో ఒక మాట ఉండేది.

ఆ ఆఫీసు ధౌలా కువాన్ దాటాక రింగ్ రోడ్డు వారగా ఉన్న ఒక సర్కారు శిలా ప్రదర్శనశాల. ముందు వైపు అద్దాల బీరువాలు, మొక్కల కుండీలు. వెనక వైపు రేకుల షెడ్డు. ఆ షెడ్డే సుందరరామయ్య రాజ్యం. తొంభై ఆరు నవంబరులో భూగర్భ శాస్త్రవేత్తల పెద్ద సభ ఒకటి ఢిల్లీలో పెట్టారు. దేశదేశాల నుంచి వచ్చే పెద్దమనుషులు అరవై నలుగురికి తలొక రాయి, మన నదుల్లో దొరికిన గులకరాయి, మెరుపు పెట్టి మఖమల్ పెట్టెలో ఇవ్వాలన్నది డైరెక్టరు సబర్వాల్ గారి ముచ్చట. అందుకని దసరాకి ముందు నాలుగైదు వారాల నుంచీ ఆ డ్రమ్ము పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంది.

రాయికి మెరుపు రావడమంటే రాయికి నది చేసే పనిని డ్రమ్ము చేయడం. నదికి వెయ్యేళ్ళు పడుతుంది, డ్రమ్ముకు ఆరు వారాలు. లోపల రబ్బరు తొడుగున్న డ్రమ్ములో రాళ్ళూ నీళ్ళూ పొడీ వేసి మూత బిగించి తిప్పుతారు. ముందు గరుకు పొడి, తర్వాత నడిమి పొడి, ఆపైన మెత్తటి పొడి, చివరికి మెరుపు పొడి. మొదటి మూడూ బొగ్గులా నల్లగా ఉంటాయి, చివరిది గంధంలా లేత రంగులో ఉంటుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేయడానికి మాత్రం ఒళ్ళంతా కళ్ళుండాలి.

రాళ్ళ మీద పడే మచ్చలు సుందరరామయ్య దృష్టిలో రెండు జాతులు. మొదటిది దెబ్బ. డ్రమ్ము సగం ఖాళీగా వదిలేస్తే రాళ్ళు దొర్లవు, ఎత్తు నుంచి పడతాయి. పడ్డ రాయి పక్క రాయిని కొడుతుంది, కొట్టినచోట తెల్లగా నెలవంక లేస్తుంది. అందుకని మూడింట రెండు వంతులు నిండాలి, సందుల్లో మెత్తగా ప్లాస్టిక్ గుళికలు పడాలి, మెత్త రాయినీ గట్టి రాయినీ ఒకే డ్రమ్ములో కాపురం పెట్టకూడదు. రెండోది గీత. చివరి పొడిలోకి మొదటి పొడి గింజ ఒక్కటి వచ్చి పడితే చాలు, ఆరు వారాల కష్టం ఆరు గంటల్లో బూడిద. అందుకే ఆయన దగ్గర నాలుగు పొడులకు నాలుగు బకెట్లు, నాలుగు బ్రష్షులు, నాలుగు రంగుల పెయింటు గుర్తులు. పొడి మారినప్పుడల్లా డ్రమ్మునూ రాళ్ళనూ ఏడు నీళ్ళు కడగాలి. చేతులూ ఏడుసార్లు కడగాలి. గోళ్ళు తీసేయాలి. చొక్కా మార్చుకోవాలి.

"పప్పు తిప్పిన గరిటె పాయసంలో పెడతావురా?" అని ధర్మయ్యను రోజుకొకసారైనా అడిగేవాడు.

ధర్మయ్య ఆ షెడ్డులో రెండో మనిషి. పాలమూరు వాడు. ఆసియా క్రీడలప్పుడు వంతెనలు కట్టడానికి తట్టాబుట్టా పట్టుకుని ఢిల్లీ వచ్చిన కూలీల్లో వాళ్ళ అమ్మానాన్నా ఉన్నారు. రాయి కొట్టే ఇంటి పుట్టుక. ఎనిమిదేళ్ళుగా ఈ ప్రదర్శనశాలలో క్యాజువల్ కూలీగా పనిచేస్తున్నాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు ఆ నెలలోనే సబర్వాల్ గారి బల్ల మీదకు చేరింది. దాని మీద సుందరరామయ్య సిఫారసే ఉంది.

ఇప్పుడు ఆ ధర్మయ్యే బకెట్లు తోమి లోపలికొచ్చి, గుడ్డ మీది రాళ్ళు చూసి, ఉన్నచోటనే కొయ్యబారిపోయాడు.

"అయ్యో! గిదేంది సార్?"

"నన్నడుగుతున్నావా?" సుందరరామయ్య తలెత్తాడు. "చేతులు చూపించు."

ధర్మయ్య చూపించాడు.

"గోళ్ళు?"

"ఆయితారం నాడే తీసిన సార్."

"గరుకు పొడి డబ్బా ముట్టుకున్నావా?"

"దానికి తాళమున్నది సార్. చెవి మీ జేబులనే ఉంటది."

"దెబ్బలు లేవు. ఒక్క నెలవంకైనా లేదు. అన్నీ గీతలే. అంటే నింపడంలో తప్పు లేదు, లోపలికి గింజ వచ్చి పడింది. ఎక్కణ్ణించి వచ్చింది? నాలుగో రోజు నీళ్ళు చూడమంటే మూత తీసింది ఎవరు?"

"నేనే సార్. మీరు జెప్తేనే తీసిన. కానీ సార్..." ధర్మయ్య నీళ్ళు నమిలాడు. "అంతకు ముందుగాలనే మీకు జెప్పిన గద. పండుగ మర్నాటి సంది డ్రమ్ము సప్పుడు మారింది, సన్నగ గరగర అంటుందని. మీరేమో కొత్త పొడి, సర్దుకుంటదన్నరు."

ఆ మాట సుందరరామయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. నిజమే, తను అలా అన్నాడు. ధర్మయ్య ముందే చెప్పాడు కూడా. అయినా కూలీవాడు చెవితో విన్నది బీయస్సీ చదివిన వాడు లెక్కలోకి తీసుకోవాలా?

"అంటే తప్పు నాదంటావు."

"నేనట్ల అన్నానా సార్?"

"ఎనిమిదేళ్ళు నేర్పాను. ఏం లాభం? మీది రాళ్ళు పగలగొట్టే చెయ్యిరా. మెరుపు పెట్టే చెయ్యి కాదు."

ధర్మయ్య తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని, వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే సుందరరామయ్య రిపోర్టు రాశాడు. క్యాజువల్ కూలీ అజాగ్రత్త వల్ల చివరి దశలో గరుకు గింజ చేరింది, మెత్తటి పొడి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, పదిహేడు రోజులు పడుతుంది. సభకు ఇంకా ఇరవై ఆరు రోజుల గడువుంది గనుక ఫర్వాలేదు. ఇదీ సారాంశం. ధర్మయ్యను గట్టిగా మందలిస్తారని అనుకున్నాడు, అంతకు మించి అనుకోలేదు. కానీ క్యాజువల్ వాళ్ళను తగ్గించమని పైనుంచి సబర్వాల్ గారికి నాలుగు ఉత్తరాలు వచ్చి ఉన్నాయి. అడగకుండానే సాకు చేతికందింది. శుక్రవారం సాయంత్రానికి ధర్మయ్యకు పని లేదన్నారు, పర్మనెంటు ఫైలు మూసేశారు.

ధర్మయ్య గొడవ పడలేదు. నాలుగు బ్రష్షులూ కడిగి, ఏ రంగు దగ్గర ఆ బ్రష్షు బోర్లించి, షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి, "వస్త సార్" అని వెళ్ళిపోయాడు.

సుందరరామయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు. అయినా తన రిపోర్టులో ఒక్క అక్షరం తప్పుందని ఆయనకు తోచలేదు.

ఆదివారం పొద్దున జనక్‌పురిలో ఆయన అద్దెకుంటున్న ఇంటి గుమ్మం దగ్గర కేకలు వినపడ్డాయి. మేడ మీద ఉండే ఇంటి ఓనరు పంజాబీ ఆవిడ, సుందరరామయ్య భార్య తాయారమ్మ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"దేఖో దీదీ, మేరా పత్థర్! నయా పత్థర్!" అంటోంది ఓనరమ్మ.

"ఏవండీ, ఈవిడకి చెప్పండి. రోజూ గుమ్మంలో ముగ్గేస్తే రాయి పాడైందిట. చోద్యం కాకపోతే, ముగ్గుకి రాయి పాడవుతుందిటండీ? వాళ్ళ పిల్లలు సైకిళ్ళు దొర్లించలేదూ దీని మీద?"

ఓనరమ్మ పోయినేడాదే గుమ్మం ముందు నల్ల గ్రానైటు పలక వేయించింది. వేయించిన రోజున అందులో ముఖం కనపడేది. సుందరరామయ్య వంగి చూశాడు. పలక అంచులు ఇప్పటికీ మెరుస్తున్నాయి. నడి మధ్య మాత్రం జానెడు మేర మసకబారింది. తాయారమ్మ రోజూ ముగ్గు వేసి, మర్నాడు చీపురుతో ఊడ్చే చోటది. ఆ మసకలో సన్నగా, చీపురు నడిచిన దిక్కునే, గీతలు.

ఆ గీతలను ఆయన ఎక్కడో చూశాడు.

చెప్పులు లేని కాలు ముగ్గు మీద వేసి కొంచెం రాశాడు. గర్‌గర్‌మంది. ఆ చప్పుడు కాలిలోంచి పైకెక్కి గుండెలో ఆగింది.

"తాయారూ, ఈ ముగ్గు ఎక్కడిది?"

"ఇదేం ప్రశ్నండీ? మన ఊరిదే. ఇక్కడి సుద్దపొడితో వేస్తే గాలికే పోతుంది. పలుగురాయి దంచి జల్లించిన ముగ్గు మా వదిన సంచీతో పంపిస్తుందిగా. దసరాకి మీ మిషను పూజకి కూడా అందులోంచే పొట్లం కట్టి ఇచ్చాను. పసుపు, కుంకుమ, ముగ్గు, మూడు పొట్లాలు. మర్చిపోయారా?"

ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"అయ్యో, ఏమైందండీ? దీదీ, పానీ! పానీ!"

ఓనరమ్మ తగువు మరిచి నీళ్ళకు పరుగెత్తింది. సుందరరామయ్య గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు. ఆయన కళ్ళ ముందు దసరా నాటి షెడ్డు నిలబడింది. చివరి పొడి వేయడానికి మంచి రోజు కుదిరిందని ఎంత సంబరపడ్డాడు! స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, ఆయుధపూజ చేశాడు. డ్రమ్ముకు పసుపు రాశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు. నేల మీద ముగ్గు వేయబోతే నేలంతా నూనె జిడ్డు. అందుకని కడిగి ఆరబెట్టిన మూత మీదే, ముచ్చటగా, తామరపువ్వు ముగ్గు వేశాడు. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, అదే చేత్తో మెరుపు పొడి కొలిచి డ్రమ్ములో పోశాడు. పూజ చేసిన చెయ్యి వెంటనే కడిగితే ఫలం పోతుందని నాయనమ్మ చెప్పిన మాట. అన్ని వారాలూ అందరి చేతులూ ఏడేసి సార్లు కడిగించిన మనిషి, ఆ ఒక్కరోజు తన చెయ్యి ఒక్కసారీ కడగలేదు. ముగ్గుతో సహా ఆ మూతను బోర్లించి, బోల్టులు బిగించాడు.

ఇంకోటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు ధర్మయ్య షెడ్డు లోపలికి రాలేదు. "మడితో ఉన్నానురా, పూజయ్యేదాకా గడప దాటకు" అని తనే బయట నిలబెట్టాడు. అయ్యాక కొబ్బరిచెక్క బయటికే అందించి, ఇంటికి పొమ్మన్నాడు.

జరిగిందంతా భార్యకు చెప్పాడు. తాయారమ్మ చీపురు పట్టుకుని విన్నది.

"బాగుంది. ముగ్గు నేల మీద వేసుకోమని ఇచ్చాను. మూత మీద ఎవరు వేయమన్నారు?" అంది ముందు. తర్వాత గొంతు తగ్గించి, "శుక్రవారం ధర్మయ్య పిల్లలకి ఉసిరికాయ పచ్చడి పంపిద్దామని సీసా కట్టి పెట్టాను. మీరు మర్చిపోయి వెళ్ళారనుకున్నాను. ఇదన్నమాట సంగతి. రెండు రోజుల నుంచి నాతో ఒక్క ముక్క చెప్పలేదే మీరు!" అంది.

సోమవారం సుందరరామయ్య అందరికంటే ముందు వెళ్ళి షెడ్డు తాళం తీశాడు. డ్రమ్మూ మూతా గీతలు చూసిన బుధవారం ఎలా వదిలేశారో అలాగే ఉన్నాయి. మూత అంచున రబ్బరు కూర్చునే గాడి ఒకటుంటుంది. సూదితో ఆ గాడిని గీరి, వచ్చిన నలుసుల్ని నల్ల కాగితం మీద దులిపి భూతద్దం పెట్టాడు.

తెల్లటి గింజలు. పగిలిన అద్దంలా అంచులు. వాటి పక్కన ఇంత పసుపు మరక.

గరుకు పొడి నలుపు. ఇది ఆయనకు చెప్పాల్సిన సంగతా? ధర్మయ్య తప్పే అయితే ఇక్కడ నల్ల గింజ ఉండాలి. బుధవారమే ఈ సూది ఈ గాడిలో పెట్టి ఉంటే నిజం అరనిమిషంలో బయటపడేది. ఇంకెవరి షెడ్డులో గీత పడినా ఆయన ముందు చేసే పని అదే. ఇక్కడ మాత్రం చూడకుండానే తెలిసిపోయింది. ఎలా తెలిసింది?

పక్కనే బకెట్టులో నీళ్ళున్నాయి, మగ్గుంది. ఒక్క మగ్గు నీళ్ళు మూత మీద పోస్తే ముగ్గూ పోతుంది, పసుపూ పోతుంది, సంగతీ పోతుంది. ఫిబ్రవరిలో తనకు యాభై ఎనిమిది నిండుతాయి, రిటైరు కావాలి. ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటామని సబర్వాల్ గారే మాటిచ్చి కాగితం తయారు చేయించాడు. మగ్గు చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలియదు. బయట తోటమాలి దగ్గితే ఉలిక్కిపడి మగ్గు జారవిడిచాడు. నీళ్ళు పంచె మీద పడ్డాయి, మూత మీద పడలేదు.

నల్ల కాగితాన్ని పొట్లం కట్టుకుని తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళాడు.

సబర్వాల్ గారు విన్నారు. భూతద్దంలోంచి గింజలు చూశారు. కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"బైఠియే, రామయ్యాజీ. చాయ్ తాగండి." మిగతాదంతా మెల్లగా, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు హిందీలో చెప్పారు. "సర్కారు మిషను మీద ముగ్గులేసి పూజ చేశాం, దాంతో రాళ్ళు చెడ్డాయి అని నేను కాగితం మీద పెట్టనా? రేపు పార్లమెంటులో ప్రశ్న వస్తుంది. మీ పేరూ పోతుంది, నా పేరూ పోతుంది. అతనెవరు? క్యాజువల్ ఆద్మీ. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. వాళ్ళకు అలవాటే."

"కానీ సార్, తప్పు అతనిది కాదు."

"తప్పు ఎవరిదని నేను అడిగానా?" సబర్వాల్ గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీరు రాసిచ్చారు, నేను సంతకం పెట్టాను. మామలా ఖతం, ఆ సంగతి అక్కడితో సరి. మీ రెండేళ్ళ కాగితం ఈ వారమే పంపిస్తున్నాను. ఆ గింజలు కిటికీలోంచి పారేయండి."

ఆ మనిషి దుర్మార్గుడై అన్నాడనుకుంటే సుందరరామయ్యకు ఇంత దిమ్మ తిరిగేది కాదు. చాయ్ కప్పు తన వైపు జరుపుతూ, తన మంచి కోరే అన్నాడు. బుధవారం షెడ్డులో తన నోట వచ్చిన మాటా, ఇప్పుడీ మాటా ఒకటే. అప్పుడు తను కేకలేసి అన్నాడు, ఈయన నవ్వుతూ అన్నాడు. అంతే తేడా.

చాయ్ ముట్టుకోకుండా లేచాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు ఢిల్లీ ఆఫీసులో ఉన్నవాడికి ఒకటి తెలుసు. నోటితో చెప్పింది గాలికి పోతుంది. చేతికిచ్చిన కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. డైరీ నంబరు పడిన కాగితాన్ని మాత్రం ఏ డైరెక్టరూ మింగలేడు. షెడ్డులో కూర్చుని కొత్త రిపోర్టు రెండు ప్రతులు రాశాడు. మొదటి రిపోర్టు తప్పు, కారణం నా పూజలో వాడిన పలుగురాయి ముగ్గు, ఆ రోజు కూలీ ధర్మయ్య లోపలికే రాలేదు, అతన్ని బయట నిలబెట్టింది నేనే. తెల్ల నలుసుల పొట్లం కాగితానికి పిన్ను కొట్టాడు. రిసీట్ సెక్షన్‌లో గుమస్తా పొట్లం చూసి, "యే క్యా హై అంకుల్, ప్రసాద్?" అని నవ్వాడు.

"ఆ, ప్రసాదమే. నంబరు వెయ్యి. నా కాపీ మీద కూడా."

ముద్ర టక్కున పడింది.

మర్నాడు సెలవు పెట్టి, పచ్చడి సీసా సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి ఘాజియాబాద్ వెళ్ళాడు. ధర్మయ్య ఉండే వాడలో అడిగితే పక్కనున్న పాలరాతి అడితికి దారి చూపించారు. అక్కడ కోత మిషను కింద, మోచేతుల దాకా తెల్లటి రాతిబురదతో, పలకల మీద నీళ్ళు పోస్తూ కనిపించాడు ధర్మయ్య. ముక్కుకు గుడ్డ కూడా లేదు.

"సార్! మీరేంది ఈడ?"

"తప్పు నాదే ధర్మయ్యా. గీతలు నా వల్లే పడ్డాయి."

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి, ఇంతే వచ్చింది.

ధర్మయ్య మిషను ఆపాడు. చేతులు కడుక్కుంటూ, "నాకెరుకే సార్" అన్నాడు.

"ఎరుకా?"

"గా దినం నేను గడప అవతల నిలవడ్డ గద. కిటికీలకెల్లి జూసిన. మూత మీద తామరపువ్వేస్తిరి. పలుగురాయి ముగ్గు. పలుగురాయి కొట్టి బతికినోళ్ళం సార్, ఎండల గది మెరిసే తీరు మాకు తెల్వదా?"

సుందరరామయ్యకు కోత మిషను తన మీదుగా పోయినట్టయింది. "తెలిసి... తెలిసి ఎందుకు చెప్పలేదురా?"

"సప్పుడు మారిందని జెప్పిన. ఒక్కపాలి కాదు, రెండుపాల్లు జెప్పిన. అంతకన్న ఎక్కువ జెప్పేటంత జాగ మీరు నాకెప్పుడన్న ఇచ్చిండ్రా సార్?"

సుందరరామయ్య సంచిలోంచి కాగితం తీసి చేతికిచ్చాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని ధర్మయ్య అటూ ఇటూ తిప్పి, ముద్ర దగ్గర వేలు పెట్టాడు.

"నంబరు వడ్డదా?"

"పడింది."

"దీని మీద ఏమని రాసిండ్రు? నా తప్పు లేదని రాసిండ్రా, మీ తప్పున్నదని రాసిండ్రా?"

"రెండూ రాశాను."

"మీ మీదికి రాదా మల్ల?"

"వస్తుంది. రానీ."

ధర్మయ్య చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. ఎనిమిదేళ్ళలో అలా చూడటం అదే మొదలు. "నేను మీ కోసం రాను సార్, ముందుగాలనే జెప్తున్న. నా ఫైలు కోసం వస్త. రాళ్ళ కోసం గూడ. అవేం జేసినయ్ పాపం," అన్నాడు. పచ్చడి సీసా మాత్రం తీసుకున్నాడు.

బుధవారం పొద్దున ధర్మయ్యను పనిలోకి రమ్మని రెండు వాక్యాల చీటీ వచ్చింది. దాంతోపాటే సుందరరామయ్యకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. రెండేళ్ళ కాగితం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నంబరు పడిన రిపోర్టు గనుక దాన్ని ధర్మయ్య పర్మనెంటు ఫైలు మీద పెట్టక తప్పలేదు, మూసిన ఆ ఫైలు మళ్ళీ తెరిచారు. అది మెల్లగా కదలడం మొదలైంది.

సభకు ఇంకా పంతొమ్మిది రోజుల గడువుంది. పని పదిహేడు రోజులది. దీపావళికి కూడా డ్రమ్ము ఆగకూడదు.

ధర్మయ్య మూత విప్పి గాడిలో సూది పెట్టాడు. అంగుళం అంగుళం గీరి, బ్రష్షు పెట్టి, నీళ్ళు కొట్టి, మళ్ళీ సూది పెట్టాడు. రాళ్ళను ఒక్కొక్కటే వేలితో తోమి కడిగాడు. మెత్తటి పొడి డబ్బా తీయబోతూ సుందరరామయ్య చెయ్యి చాచాడు.

"ఆగుండ్రి సార్."

ధర్మయ్య బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. మగ్గు ముంచి పట్టుకున్నాడు. సుందరరామయ్య దోసిలి పట్టాడు. "ఒకటి," అన్నాడు ధర్మయ్య. నీళ్ళు పోశాడు. "రెండు." ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. ఏడు దాకా లెక్కపెట్టి, గోళ్ళు చూసి, అప్పుడు డబ్బా అందించాడు.

మూత బిగించి స్విచ్చి వేశారు. డ్రమ్ము తిరగడం మొదలైంది. ధర్మయ్య కింద కూర్చుని, డ్రమ్ముకు జానెడు దూరంలో చెవి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. సుందరరామయ్య కూడా పక్కన కూర్చున్నాడు. ఆయనకు రాళ్ళు దొర్లే చప్పుడే వినపడుతోంది. అందులో ఇంకేముందో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియలేదు.

"ఎలా ఉందిరా?" అన్నాడు. జవాబు రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అడిగాడు.

"ఎలా ఉంది, ధర్మయ్యా?"

ధర్మయ్య కళ్ళు తెరవకుండానే, కాస్త ఆగమన్నట్టు వేలెత్తాడు. సుందరరామయ్య ఊపిరి బిగబట్టుకుని ఆగాడు.